ఆకాశరామన్నకు అరువు ముఖం

ఈ వారం కొత్త బొమ్మల కబుర్లు కాస్త పక్కనబెట్టి ఒక ప్రయాణం సంగతి చెబుతాను. సినిమా లేదేమోనని కంగారుపడకండి. హిందూపురంలో రైలెక్కి పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్ళేవాడికి దారిలో సినిమా తగలకుండా ఉంటుందా!

ముందుగా చిన్న ఫ్లాష్‌బ్యాక్.

1977 సంక్రాంతి. జనవరి 14న ఒకేరోజు రెండు భారతాలు విడుదలయ్యాయి. ఒకటి రామారావుగారి 'దానవీరశూరకర్ణ', రెండోది కృష్ణ నటించిన 'కురుక్షేత్రం'. నేనప్పుడు ఒక సినిమా పత్రికలో పాఠకుల ఉత్తరాలు విప్పే ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాణ్ణి. ఉత్తరాలు గోనెసంచుల్లో వచ్చేవి. మెచ్చుకునేవాళ్ళు పేరు, ఇంటిపేరు, వీధి, పిన్‌కోడుతో సహా రాసేవాళ్ళు. తిట్టేవాళ్ళు మాత్రం 'ఇట్లు, ఒక వీరాభిమాని' అని ముగించేవాళ్ళు. అదేలెండి, ఆకాశరామన్న ఉత్తరాలు! మా ఎడిటరుగారు కవరు తిప్పి, పోస్టాఫీసు ముద్ర చూసి, "హిందూపురంవాడోయ్, గట్టివాడు" అనేవారు. అంతకుమించి తెలిసేది కాదు. ఆకాశరామన్నకి దస్తూరీ ఉండేది, తపాలా ముద్ర ఉండేది. ముఖమే ఉండేది కాదు.

ఇప్పుడు ముఖం కూడా వచ్చింది. అయితే అది ఆయనది కాదు.

మూడేళ్ళుగా నా ఫోనులో ఒక కథానాయకుడు నన్ను తిడుతున్నాడు. ఏ కథానాయకుడని అడక్కండి. చెబితే ఆయన అభిమానులకు కోపం, చెప్పకపోతే మిగతావాళ్ళ అభిమానులకు అనుమానం. నల్లకళ్ళద్దాలు, మెలితిప్పిన మీసం, వెనకాల మంటలు... ఆ ఫొటో కింద నాకు వారంవారం అక్షింతలు. నేను ఆయన బొమ్మ రెండో సగం నత్తనడక అని రాస్తే, నీ వయసైపోయింది ఇంట్లో కూర్చో అంటాడు. బాగుంది అని రాస్తే, ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది అంటాడు. సినిమాలు లేని వారాల్లో రాజకీయం. తమ హీరోకి నచ్చిన పార్టీని ఎవరేమన్నా వాళ్ళ వంశవృక్షం మొత్తం కదిలిస్తాడు. ఈ ఫొటో వెనకాల ఉన్నది ఆరడుగుల ఆజానుబాహువై ఉంటాడని నేను ఊహించుకునేవాణ్ణి.

మొన్నామధ్య ఆ ముఖం నుంచే ఒక ముక్క వచ్చింది. "సార్, మీతో మాట్లాడాల. అర్జంటు. తిట్టను."

* * *

హిందూపురం మిర్చికీ, చింతపండుకీ పేరుపడ్డ ఊరు. సినిమా వాళ్ళకు మాత్రం ఇంకో కారణంగా తెలుసు. 1985 ఎన్నికల్లో రామారావుగారు గుడివాడ, నల్గొండ, హిందూపురం మూడుచోట్లా నిలబడి, మూడుచోట్లా గెలిచి, హిందూపురాన్ని అట్టేపెట్టుకున్నారు. 1989లో కల్వకుర్తి ఆయన్ని ఓడించినా హిందూపురం వదల్లేదు. 1994లో మళ్ళీ గెలిపించింది. 1996లో ఆయన పోయాక జరిగిన ఉపఎన్నికలో హరికృష్ణ, 2014 నుంచి వరుసగా మూడుసార్లు బాలకృష్ణ. 1983 నుంచి ఆ స్థానంలో తెలుగుదేశం ఒక్కసారి కూడా ఓడలేదు. సినిమా ముఖానికి ఇంత కాలం ఇంత నమ్మకంగా ఓటేసిన ఊరు మన రాష్ట్రంలో ఇంకొకటి చెప్పండి చూద్దాం!

మన ఆజానుబాహువు బస్టాండు దగ్గర జిరాక్సు అంగట్లో పనిచేస్తున్నాడు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. సన్నగా, చేతివేళ్ళకు నల్లసిరాతో, కళ్ళలోకి చూడకుండా మాట్లాడే పిల్లాడు. నన్ను చూడగానే లేచి నిలబడి, "కూచోండి సార్, కాఫీ చెప్పేదా?" అన్నాడు. మూడేళ్ళు నన్ను 'నువ్వు' అని తిట్టినవాడు ఎదుటపడేసరికి 'మీరు' అంటున్నాడు. నాకు నవ్వాగలేదు.

విషయం ఏమిటంటే, ఆ పేజీలో ఒక నాయకుడి తలకాయ కోసి, పాత సినిమాలో విలన్ ఒంటికి అతికించాడు. ఆ నాయకుడి పార్టీ పేరు మనకొద్దు. బొమ్మ చూపించాడు. నిజం చెప్పొద్దూ, బాగానే నవ్వొచ్చింది. కానీ కింద ఒక వాక్యం ఉంది. అది ఆ నాయకుడి ఇంటి ఆడమనిషి గురించి. ఇక్కడ రాయదగ్గది కాదు.

"బొమ్మ నేనే చేసినా సార్. కింద రాసింది మాత్రం నాది కాదు. గ్రూపులో వచ్చింది, అట్లే పెట్టినా."

ఎవరో ఫిర్యాదు చేశారు. నోటీసు వచ్చింది. ఏ స్టేషనో చెప్పను, ధర్మవరం పక్కన అనుకోండి. పాతరోజుల్లో 41-ఏ నోటీసు అనేవారు, 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో 35(3) అంటున్నారు. పిలిచిన రోజున వచ్చి సమాధానం చెప్పుకోమని దాని సారాంశం. ఆ కాగితాన్ని తన మిషను మీదే నాలుగు కాపీలు తీసి పెట్టుకున్నాడు! నన్ను తోడు రమ్మన్నాడు. "మీరు పేపర్ల రాస్తారు గదా, మర్యాదగా మాట్లాడతారు."

"మరి నీకు ముప్పైవేల మంది అభిమానులున్నారటగా, వాళ్ళెవరూ రారా?"

"వాళ్ళకు నేనెవురో తెలీదు గదా సార్."

కాసేపాగి అడిగాడు. "మా హీరోకి ఎవరైనా చెప్తే, లాయర్ని పంపిస్తాడు కదా సార్?"

దీనికేం జవాబు చెప్పను? కాఫీ చల్లారిపోతోంది తాగమన్నాను.

అంగడి ఎదురుగోడకి పెద్ద ఫ్లెక్సీ ఉంది. హీరోగారి పుట్టినరోజు శుభాకాంక్షలు. పైన ఆయన ముఖం గుమ్మమంత, కింద మూడు వరుసల్లో తపాలా బిళ్ళంత ముఖాలు యాభై. రెండో వరుసలో చివర మనవాడు! ఇస్త్రీ చొక్కా, పక్క పాపిడి. ఆ తపాలా బిళ్ళకి అయిదువందలు చందా ఇచ్చాడట. ఆలోచించండి, ఊరి నడిబొడ్డున తన ముఖం కనబడాలని డబ్బిచ్చుకున్న కుర్రాడే, ఫోనులోకి వెళ్ళేసరికి ఆ ముఖం తీసి దాచేసి పై ముఖం తగిలించుకుంటున్నాడు. ఆ పెద్ద ముఖానికే గొంతు ఉంటుందని వాడికెవరు చెప్పారో!

* * *

ముసుగు వేసుకుని రాజకీయం మాట్లాడటం మనమే కనిపెట్టలేదు. ఇంగ్లాండులో 1605లో పార్లమెంటుని మందుగుండుతో పేల్చాలని చూసి దొరికిపోయిన గై ఫాక్స్ అనే ఆయన ముఖం మీరంతా చూసే ఉంటారు. తెల్లటి ముఖం, నవ్వే మీసం, కోసుగా గడ్డం. దాన్ని 1980లలో ఒక బొమ్మల కథలో వాడారు. అది 'వి ఫర్ వెండెట్టా' పేరుతో 2006లో సినిమాగా వచ్చింది. 2008లో 'అనానిమస్' పేరుతో ఇంటర్నెట్ జనం ఆ ముసుగులేసుకుని అమెరికాలోనూ, ఇతర దేశాల్లోనూ వీధుల్లోకి వచ్చారు. మన దేశంలో కూడా 2012 జూన్‌లో ఇంటర్నెట్ సెన్సారు వద్దంటూ ముంబయి, ఢిల్లీల్లో కుర్రకారు ఆ ముఖాలతోనే నిలబడ్డారు. తమాషా ఏమిటంటే, ఆ ముఖం హక్కులు సినిమా తీసిన వార్నర్ కంపెనీవి. కంపెనీలు నాశనం కావాలని అరిచేవాడు కొన్న ప్రతి అసలు ముసుగు మీదా కాసిని డబ్బులు కంపెనీకే ముట్టేవి! మన నిర్మాతలకు ఇంకా ఈ కిటుకు తెలిసినట్టు లేదు.

అక్కడ అందరిదీ ఒకే ముసుగు, అదీ నాలుగువందల ఏళ్ళ కింద చచ్చిపోయినవాడి ముఖం. మన దగ్గర సజీవంగా, షూటింగుల్లో తిరుగుతున్న మనిషి ముఖం. వీళ్ళు తిట్టిన తిట్లన్నీ ఆయన తిట్టినట్టే కనబడతాయి. ఆయనకు తెలియదు. తెలిసినా ఖండించడు, ఖండిస్తే అభిమానులు నొచ్చుకుంటారు. 2022లో అమితాబ్ బచ్చన్, 2023లో అనిల్ కపూర్, 2025లో మన నాగార్జున ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళి, మా పేరు, మా ముఖం మా అనుమతి లేకుండా వాడరాదని ఉత్తర్వులు తెచ్చుకున్నారు. ముఖం కూడా పొలంలాగా పట్టా ఉన్న ఆస్తి అయింది. మంచిదే. వ్యాపారానికి వాడుకునేవాళ్ళ మీదే ముఖ్యంగా ఆ బెంగంతా. ఉచితంగా తన తరఫున గొంతు చించుకునే జిరాక్సు పిల్లాడి మీద కోర్టుకెళ్ళిన హీరోని నేనింకా చూడలేదు.

రామారావుగారి రోజుల్లో ఇది ఇంకోలా ఉండేది. 1957లో 'మాయాబజార్'లో కృష్ణుడి కిరీటం పెట్టుకున్నాక జనం ఆ కిరీటం తియ్యనివ్వలేదు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి చైతన్యరథం ఎక్కితే, ఖాకీ బట్టల్లో ఉన్న మనిషిలో కృష్ణుణ్ణి చూసి హారతులిచ్చారు. అదీ ముఖానికి వేసిన ముఖమే. కానీ దాని కిందున్న మనిషి ఎవరో అందరికీ తెలుసు. ఆయన మాటకి ఆయనే జవాబుదారీ.

ఆ ముఖాన్ని ఇంకొకరు తగిలించుకుంటే ఏమయిందో కూడా మన వెండితెర చూసింది. 1987లో ప్రభాకరరెడ్డి 'మండలాధీశుడు' తీసి, అధికారంలో ఉన్న రామారావుగారిని పోలిన పాత్రని కోట శ్రీనివాసరావు చేత వేయించారు. కోట అప్పటికి నిలదొక్కుకుంటున్న నటుడు. వేషం బాగా పండింది. పండటమే ముప్పయింది. విజయవాడ రైల్వేస్టేషనులో అభిమానులు గుర్తుపట్టి తనమీద చెయ్యిచేసుకున్నారని ఆయనే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. 2025 జులైలో ఆయన పోయినప్పుడు అన్ని పత్రికలూ ఆ సంగతి మళ్ళీ తలుచుకున్నాయి. కోట ఏ ముసుగూ వేసుకోలేదు. టైటిల్సులో పేరుంది, పోస్టరు మీద ముఖముంది. వెక్కిరింతకి ధర అక్కడికక్కడే, ప్లాట్‌ఫారం మీదే చెల్లించాడు. ఇప్పుడు వెక్కిరించేవాడు కనబడడు. కొట్టదలచుకున్నవాడికి ముందు వాడెవడో తేల్చాలి. అందుకే నోటీసులు.

* * *

మర్నాడు పొద్దున ప్యాసింజరెక్కాం. దారిలో పెనుకొండలో దిగాలన్నాడు. వాళ్ళ నాన్నకి చెప్పాలట. ఒక్కడే వెళ్ళి చెప్పే ధైర్యం లేక నన్ను అడ్డం పెట్టుకుంటున్నాడని అర్థమైంది.

పెనుకొండ కొండ మీద కోట రైల్లోంచే కనిపిస్తుంది. 1565 తర్వాత విజయనగర రాజులు రాజధాని ఎత్తుకొచ్చి పెట్టుకున్న ఊరు. ఇప్పుడు ఈ దారిన పోయేవాళ్ళు కోటకంటే కియా కార్ల ఫ్యాక్టరీనే ఎక్కువ చూపిస్తారు. కానీ మా తరం పత్రికలవాళ్ళకు పెనుకొండ అంటే వేరే జ్ఞాపకం. 1997 నవంబరు 19న హైదరాబాదులో 'శ్రీరాములయ్య' సినిమా ప్రారంభోత్సవం నుంచి తిరిగొస్తున్న పెనుకొండ శాసనసభ్యుడు పరిటాల రవి లక్ష్యంగా కారుబాంబు పేలింది. ఆయన బతికాడు. ఆయనకూ ఆ పగలకూ సంబంధం లేనివాళ్ళు ఎందరో పోయారు, వాళ్ళలో మా వృత్తివాళ్ళూ ఉన్నారు. 2005 జనవరి 24న అనంతపురంలో ఆయన్నీ చంపేశారు. 2010లో రామ్‌గోపాల్‌వర్మ 'రక్తచరిత్ర' రెండు భాగాలుగా తీస్తే జనం ఈలలేసి చూశారు. ఆ ఈలలు ఈ ఊళ్ళో ఎలా వినిపించి ఉంటాయో అప్పుడు నేను ఆలోచించలేదు.

స్టేషను బయట టీ అంగట్లో తండ్రి కూర్చుని ఉన్నాడు. విషయమంతా విన్నాడు. కొడుకుని ఏమీ అనలేదు. నాతోనే మాట్లాడాడు.

"మేము ఆ రోజుల్లో టీ అంగట్ల గూడా ఎవురి పేరూ ఎత్తకుంటిమి సార్. 'పైనోళ్ళు', 'కిందోళ్ళు' అంటాంటిమి, అంతే. ఎవుడు ఎవురి పక్కన కూసుని టీ తాగినాడో గూడా లెక్కే. గోడలకు చెవులుంటాయంటారే, మా ఊర్ల గోడలు మంచివి సార్, మనుషులకే ఉంటాంటివి."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు బాంబుల్లేవు. వీనికి ఆ ఫోన్ల ముసుగు దొరికింది. నోరు లేసింది. నాకు ఒక పక్క భయ్యం, ఒక పక్క..." అని ఆగిపోయాడు. ఒక పక్క ఏమిటో చెప్పలేదు. కానీ ముఖంలో కనిపించింది. ముప్పై ఏళ్ళు తాను మింగిన మాటలు కొడుకు ఎక్కడో, ఎవరి ముఖంతోనో కక్కుతున్నాడు.

నిజం చెప్పాలంటే, హిందూపురంలో రైలెక్కినప్పుడు నా అభిప్రాయం చాలా తేలిగ్గా ఉండేది. పేరు పెట్టుకోలేనివాడికి నోరెందుకు అని. నలభై ఏళ్ళకు పైగా పేరు పెట్టుకుని రాస్తున్నవాడి అహంకారం అనుకోండి. పెనుకొండ టీ అంగట్లో అది కొంచెం సడలింది. నా పేరు కింద పత్రిక ఉంది, యాజమాన్యం ఉంది, పొరుగూళ్ళో ఇల్లుంది. ఆ ముసలాయన పేరు కింద ఏముంది?

అయినా ఆ వాక్యం... ఎవరో ఆడమనిషి గురించి రాసిన ఆ వాక్యం నా కళ్ళముందు నుంచి పోలేదు. ఆమె ఏ ఎన్నికల్లోనూ నిలబడలేదు. ఆమెకు ముసుగు వేసుకునే వీలు ఎవరిచ్చారు?

* * *

ధర్మవరం అంటే పట్టుచీరలు. ఆ తర్వాత కొన్నేళ్ళు ధర్మవరం అంటే 'గుడ్ మార్నింగ్ ధర్మవరం'. 2019లో గెలిచిన శాసనసభ్యుడు కేతిరెడ్డి వెంకటరామిరెడ్డి పొద్దున్నే వీధుల్లో నడుస్తూ, జనం బాధలు వింటూ, అక్కడికక్కడే అధికారుల్ని నిలదీస్తూ తిరిగే కార్యక్రమం. వీడియోలు తీసి పెట్టేవారు. నేనూ చూశాను, మీరూ చూసి ఉంటారు. అమెరికాలో మా చెల్లెలి కూతురు కూడా చూసింది! మా ఊరికి ఇలాంటివాడు లేడే అని వేరే జిల్లాలవాళ్ళు నిట్టూర్చారు. ఏ సినిమా తియ్యకుండానే సినిమా పేరు సంపాదించుకున్న రాజకీయ నాయకుడు ఆయన. మరి 2024లో? అంతకు కొద్దికాలం ముందే ధర్మవరం వచ్చిన బీజేపీ అభ్యర్థి సత్యకుమార్ యాదవ్ చేతిలో నాలుగువేల లోపు ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఇదేమిటని చూసినవాళ్ళంతా ఆశ్చర్యపోయారు. చూసినవాళ్ళలో ధర్మవరంలో ఓటున్నవాళ్ళు ఎందరు లెండి! మనకిది కొత్తా? మద్రాసులో మేధావులు మెచ్చుకున్న బొమ్మ బి సెంటర్లో వారంలో ఎత్తేసిన సందర్భాలు కోకొల్లలు.

ఆ వీడియోల్లో నాకు ఇంకోటి కనిపించేది. నాయకుడికి ముఖం కావాలి, అది ఆయన వృత్తి. ఎదురుగా నిలబడి, పింఛను రాలేదనో, మొగుడు తాగొచ్చి కొడుతున్నాడనో చెప్పుకునే మనిషి ముఖం కూడా అంతే వెలుతురులో, అంతే స్పష్టంగా ఊరూరా తిరిగేది. ఆ ముఖం ఎవరూ అరువడిగింది కాదు, అరువిచ్చిందీ కాదు. ఇలాంటివి తీసేవాళ్ళు ఇప్పుడు ప్రతి పార్టీలోనూ ఉన్నారు.

ఇంతకీ మా స్టేషను సంగతి. వెళ్ళేసరికి అధికారిగారు బందోబస్తుకి పోయారు, సాయంత్రం రమ్మన్నారు. మధ్యలో ఆరుగంటల విరామం. ఏం చెయ్యాలి? దగ్గర్లోనే నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మనవాడు పుట్టింది ఇంత దగ్గర్లో, కానీ ఎన్నడూ చూడలేదట. ఆటో మాట్లాడాను.

ఊళ్ళో ఇప్పుడు ఆటలకంటే దీపాల గొట్టాలు ఎక్కువ చేస్తున్నారు. మేకతోలు పల్చగా చేసి, రంగులద్ది, లోపల బల్బు పెడితే హనుమంతుడు డ్రాయింగు రూములో వెలుగుతాడు. కడుపు గడవాలిగా. ఒక పెద్దాయన మాత్రం అడగ్గానే పాత పెట్టె తీసి జుట్టుపోలిగాణ్ణి, బంగారక్కని బయటికి తీశాడు. రాముడు, రావణుడు వచ్చే రామాయణంలో మధ్యమధ్య వీళ్ళొస్తారు. వీళ్ళకి కథతో పనిలేదు. తెల్లారేదాకా జనం నిద్రపోకుండా బూతులు, వెక్కిరింతలు, ఊరి గుట్లు. కరణం లంచం, మునసబు పిసినారితనం, కొత్తగా వచ్చిన అధికారి పొట్ట... రాముడి నోట రానివన్నీ పోలిగాడి నోట వచ్చేవి.

మనవాడికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. "తాతా, మునసబును ఆయన ముందరే తిడితే కొట్టేవోళ్ళు కాదా?"

"ముందరి వరసలో ఆయప్పే కూసోని నవ్వేవోడు నాయనా. మాట శానా గట్టిగ తగిల్తే దగ్గేవోడు. ఆయప్ప దగ్గినాడంటే మాకు తెలుస్తాండె, ఇంగ సాలని. పోలిగాన్ని పక్కకు తీసేస్తాంటిమి."

"తెర వెనకుండేది నువ్వే అని ఆయప్పకి తెలుసా?"

"తెలీకేం! తెల్లారితే వాళ్ళింటి ముందరే కదా గింజలకు నిలబడేది. 'ఏంరా, రాత్రి బో మాటలన్నావే' అని ఇంగో సేరు ఎక్కువే ఏసేది వాళ్ళవ్వ."

కుర్రాడు ఆ బొమ్మని చేతిలోకి తీసుకుని చాలాసేపు వెలుతురుకి పట్టి చూశాడు. నా ఆలోచన ఎక్కడుందో మీరు ఊహించగలరు. పోలిగాడు కూడా ముసుగే. కానీ అది మనిషెవరో తెలియకుండా చెయ్యటానికి పెట్టింది కాదు. ఎవరో తెలిసినా ఈ రాత్రికి క్షమిద్దామని ఊరంతా కలిసి పెట్టుకున్న తెర. అవతలివాడి దగ్గు వినబడేంత దూరంలో ఉండేది. ఫోను తెర అవతల దగ్గినా ఏడ్చినా వినబడదు. పైగా తెల్లారి నిలబడాల్సిన గుమ్మమే లేదు. పాతకాలమంతా బంగారమని అనటంలేదు, ఆ తెర మీద బంగారక్కని అన్న మాటలకి ముందు వరసలో ఆడవాళ్ళెంతమంది నవ్వేవారో నేను అడగలేదు.

* * *

సాయంత్రం స్టేషను. మర్యాదగానే మాట్లాడారు. అధికారిగారు ఫోనులో ఆ పేజీ తెరిచి, నల్లకళ్ళద్దాల ఫొటో చూపించి, "ఎవరీయన?" అన్నారు.

"మా హీరో సార్."

"నోటీసు ఈయనకి పంపాల్నా?"

కానిస్టేబుళ్ళంతా నవ్వారు. మనవాడూ నవ్వబోయి ఆపుకున్నాడు. ఏ ఏ గ్రూపుల్లో ఉన్నాడో, ఆ వాక్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో అడిగి రాసుకున్నారు. అది పంపినవాడి ఫొటో కూడా ఒక హీరోదే. వేరే హీరో. వాడెవడో మనవాడికి తెలియదు. ముసుగు వెనకాల ముసుగు, దాని వెనకాల ఇంకొకటి. దొరికింది మాత్రం జిరాక్సు మిషను దగ్గరున్నవాడు.

ఇలా దొరికేవాళ్ళు ఎప్పుడూ చివరి అంచెలోవాళ్ళే కావటం నాకు విచిత్రంగా తోస్తుంది. 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలో 66-ఏ కొట్టేసినప్పుడు ఇక బెడద తీరిందనుకున్నాం. 2017లో 'పొలిటికల్ పంచ్' పేజీ నడిపినాయన్ని అరెస్టు చేశారు. 2020లో విశాఖ గ్యాసు ప్రమాదం మీద పోస్టు పెట్టిన గుంటూరు పెద్దావిడ మీద కేసు పెట్టారు. 2025 ఫిబ్రవరిలో పోసాని కృష్ణమురళి అరెస్టు. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, పద్ధతి మారలేదు. అధికారంలో ఉన్నంతసేపూ ఎదుటివాడి ముసుగు తియ్యాలి, దిగిపోయాక ముసుగు భావప్రకటన స్వేచ్ఛ! పోసానిది ముసుగు కాదు, అన్నీ కెమెరా ముందే అన్నాడు. ఆయన మాటలు నాకు రుచించేవి కావు, అది వేరే సంగతి.

అలాగని ముసుగువాళ్ళందరి మీదా జాలిపడను. 2023 నవంబరులో రష్మిక ముఖాన్ని ఇంకో అమ్మాయి వీడియోకి అతికించి వదిలిన సంగతి గుర్తుందిగా? 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకుంటే, నిందితుడు మన గుంటూరు జిల్లా కుర్రాడు. ఆమె మీద ద్వేషం కూడా లేదు. ఆమె అభిమాని పేజీయే నడుపుతున్నాడు! అనుచరులు పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు. అభిమానం ముదిరి ఆమె ముఖాన్ని ఆమెకే కాకుండా చేసింది. మా రోజుల్లో అభిమానులు కటౌటుకి పాలు పోసేవారు. అది ఖర్చు తప్ప నేరం కాదు.

మనవాడు స్టేషనులోనే ఆ పేజీ తీసేశాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. మూడేళ్ళు, ముప్పైవేల మంది, రెండు నొక్కుల్లో పోయారు. మరుసటి వారం వాళ్ళలో ఒక్కరైనా ఏమైందని వెతికారా అని అడిగాను. ఇద్దరు వెతికారట. ఒకడు ఆ పేజీ పేరు ఖాళీ అయిందేమో తాను తీసుకుందామని. రెండోది నేను. కేసు నడుస్తూనే ఉంది, పిలిచినప్పుడల్లా ఆ పిల్లాడు ఒక రోజు కూలీ పోగొట్టుకుని వెళ్ళొస్తున్నాడు. ఆ ఆడమనిషికి ఒక క్షమాపణ ఉత్తరం రాయమన్నాను. రాశాడు. పంపాలా వద్దా అని లాయరుగారు ఆలోచిస్తున్నారు, నేరం ఒప్పుకున్నట్టవుతుందట.

పోయిన వారం నా ఫోనుకు కొత్త చోటు నుంచి ఒక ముక్క వచ్చింది. ఫొటోలో జిరాక్సు మిషను ముందు పక్క పాపిడి పిల్లాడు. ముఖం వాడిదే.

"సార్, మొన్న మీరు రాసింది తప్పు. ఆ పాత బొమ్మ హిందూపురంలో వంద రోజులు ఆడలేదు. మా నాయన చెప్తాండాడు, యాభై గూడా ఆడలేదంట. వంద రోజుల పోస్టరు ఊరికే ఏసినారంట."

తెలిసినవాళ్ళని వాకబు చేశాను. పిల్లాడి మాటే నిజం, తప్పు నాది. అదే మాట ఈ వారం ఇక్కడ వేస్తానని చెప్పి, నీ పేరు వెయ్యమంటావా అని అడిగాను.

"వద్దు సార్. హిందూపురం అభిమాని అని ఏయండి."